తీసేసిన కారణం

ఛత్తీస్‌గఢ్‌లోని కిరందుల్ ఇనుప గని క్వార్టర్లలో ఉండే తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుకి పైడితల్లి ఒక్కతే అడ్మిన్. ఏ మెసేజ్ తీసేసినా కింద పేరు పెట్టి కారణం రాయాలన్న నియమం ఆమె పెట్టిందే. దాపరికం లేదు కాబట్టే ఆమె మాటంటే అందరికీ గురి.

ఆ రాత్రి భర్త గనిలో షిఫ్టుకి వెళ్ళాక ఎవరో తలుపు తట్టారు. ఎవరని అడిగితే పలకలేదు. తట్టడం ఆపలేదు. పైడితల్లి గ్రూపులో రాసింది: "ఎవరో మా తలుపు కొడుతున్నారు. కొంచెం చూడండి."

పక్క క్వార్టర్ అప్పలనరసమ్మ వెంటనే బదులిచ్చింది. "తలుపు తియ్యకమ్మా. మీ బాబాయిని పంపుతున్నాను."

అంతలో పైడితల్లి మెసేజ్ పోయింది. దాని కింద ఆమె నంబరు నుంచే ఇంకొకటి వచ్చింది: "తీసేశాను. కారణం: తప్పుడు సమాచారం. బయట ఎవరూ లేరు. పైడితల్లి, అడ్మిన్."

అది ఆమె రాయలేదు.

"నువ్వే రాశాక ఇంక అనుమానమేటి. బాబాయిని వెనక్కి పిలిచేసాను, పడుకోమ్మా," అని పెట్టింది అప్పలనరసమ్మ.

పైడితల్లి కిటికీలోంచి చూసింది. వరండా లైటు వెలుగులో నిజంగానే ఎవరూ లేరు. వెళ్ళి వీధి తలుపు మీద అరచెయ్యి ఆనించింది. తట్టడం ఆగలేదు. తలుపు మాత్రం అదరడం లేదు. చప్పుడు ఆమె వెనక, ఇంట్లోంచి వస్తోంది.