ముప్పై ఎంబీల్లో వాన

స్క్రీన్ మీద అక్క పది వేళ్లూ పైనుంచి కిందికి దిగుతున్నాయి. అది వాన.

తొమ్మిదోసారి మార్చిన వీడియోలో ఆ పది వేళ్లూ కలిసిపోయి పిండిముద్ద అయ్యాయి.

"ఛీ, దీని మొహం మండ!" అన్నాడు తమ్ముడు, మౌసును బల్లకేసి కొట్టి.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం అతని పని. పెళ్లికూతురి మెడలో నగల్ని రాళ్లతో సహా లెక్కపెట్టుకునేట్టు చూపించిన మొనగాడు. అంతటివాడికి ఇవాళ సొంత అక్క వేళ్లు చిక్కడం లేదు.

అక్కకు పుట్టుకతోనే చెవుడు. మాట్లాడేది చేతులతో. వినపడని పిల్లల బడిలో ఆరేళ్లుగా తాత్కాలిక టీచరు.

ఇన్నాళ్లకు ఆ బడిలో ఒక్కటంటే ఒక్కటే పర్మనెంటు పోస్టు పడింది. నాలుగు నిమిషాల పాఠం వీడియో తీసి, ఇవాళ సాయంత్రం అయిదులోపు వెబ్‌సైట్లో పెట్టాలి.

వాన ఎలా పుడుతుందో చెప్పింది అక్క. చెప్పడమంటే అలా ఇలా కాదు. సముద్రం ఆవిరై, మబ్బు బరువెక్కి, చినుకు రాలేసరికి చూసేవాడు గొడుగు వెతుక్కోవాలి.

ఫోన్లో తీసిన ఆ ఫైలు ఏడొందల ఎంబీ. వెబ్‌సైటు ముప్పైకి మించి తీసుకోదు. పైగా ఫోను తీసిన ఫార్మాటు దానికి పడదట, వేరేది కావాలట.

ఏనుగును తెచ్చి అగ్గిపెట్టెలో సర్దమన్నట్టుంది.

కుదించాడు. మొహం బాగుంది, వేళ్లు ముద్ద. కాస్త వదులు చేశాడు. ముప్పై నాలుగు ఎంబీ అయింది, వెబ్‌సైటు తోసేసింది. సెకనుకు వచ్చే బొమ్మల్ని సగం చేశాడు. వేళ్లు తేటపడ్డాయి గానీ, మబ్బుకీ వానకీ మధ్య చేతులు గెంతేశాయి.

అక్క అది చూసి, "ఇక్కడ నాకు నత్తి వచ్చింది" అంది వేళ్లతో.

"అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు!" అని తమ్ముడు వెబ్‌సైటును తిట్టాడు.

"మధ్యలో నన్నెందుకురా లాగుతావు?" అంది అమ్మ. "ఊళ్లో వాళ్ల నగలు మెరిపిస్తావు, అక్క వేళ్లు చూపించలేవూ?"

"నీకేం, అంటావు!"

ఆ వెబ్‌సైటు వాళ్ల ఆఫీసుకు అమ్మే ఫోన్ చేసింది. ఇరవై నిమిషాలు సంగీతం వినిపించి పెట్టేశారు.

"చెవిటివాడి ముందు శంఖం..." అంటూనే అమ్మ నాలుక కరుచుకుంది. ఆ ఇంట్లో ఎవరూ అనని సామెత అది.

అక్క అమ్మ పెదాలు చదివేసింది. పడీ పడీ నవ్వింది. "ఊదుతున్నది మనమే కదమ్మా" అంది.

తమ్ముడికి మాత్రం నవ్వు రాలేదు. గంట మూడయింది.

పదోసారి మార్చబోతూ లెక్క చూశాడు. ముప్పైలో దాదాపు పది ఎంబీలు శబ్దానికే పోతున్నాయి.

పెళ్లిలో పాట అదిరిపోవాలి గనక శబ్దం నాణ్యతను అన్నిటికంటే మీద పెట్టడం అతని చేతికి అలవాటు. తొమ్మిదిసార్లూ ఆ చెయ్యి అదే చేసింది.

హెడ్‌ఫోన్స్ తగిలించుకుని విన్నాడు. నాలుగు నిమిషాల పాటు గరగరమంటూ ఫ్యాను. ఇంకేమీ లేదు.

"నా బుర్ర తగలెయ్య!"

అక్క వేళ్లకు దక్కాల్సిందంతా ఫ్యాను తినేసింది. అది చాలనట్టు, దాని గాలికి వెనకాల పూల పరదా ఊగుతోంది. కదిలిన ప్రతి పువ్వూ తన వాటా తను లాక్కుంది.

పరదా పీకేశాడు. ఫ్యాను ఆపేశాడు. అక్కను ఖాళీ గోడ ముందు నిలబెట్టి పాఠం మళ్లీ తీశాడు. చెమటలు కారుతుండగా అక్క మరోసారి వాన కురిపించింది.

మార్చేటప్పుడు శబ్దాన్ని మొత్తం తీసి పారేశాడు.

ఇరవై తొమ్మిది ఎంబీ.

పది వేళ్లూ దేనికది విడివిడిగా ఉన్నాయి. అమ్మ స్క్రీన్ దగ్గరికి వంగి, "గోళ్లు కూడా కనిపిస్తున్నాయిరా" అంది.

అక్క తమ్ముడి నెత్తిన మొట్టికాయ వేసింది. ఆ ఇంట్లో అదే పెద్ద మెచ్చుకోలు.

నాలుగూ ముప్పై అయిదుకు పంపాడు. నీలం గీత చివరిదాకా వెళ్లింది. దాని కింద ఎర్ర అక్షరాలు వచ్చాయి.

'మీ వీడియోలో ధ్వని లేదు. ధ్వని లేని వీడియోలు స్వీకరించబడవు.'

తమ్ముడు రెండుసార్లు చదివాడు. ఒళ్లు మండిపోయింది.

"వినపడని పిల్లల బడిరా అది! ఎవడు వినాలిరా మీకు?" అని కంప్యూటర్ మీద అరిచాడు.

అక్కకు అరుపు వినపడలేదు. తమ్ముడి మెడ మీద ఉబ్బిన నరాలు చూసి, ఏమైందని అడిగింది.

అతని చేతులు లేవలేదు. పుట్టినరోజుల కబురు నుంచి నాన్న పోయిన కబురు దాకా అక్కకు అన్నీ చెప్పిన చేతులవి.

మళ్లీ అడిగింది.

"శబ్దం కావాలట" అన్నాడు చివరికి.

అక్క అతన్ని చూసింది. ఎర్ర అక్షరాలను చూసింది. ఈసారి నవ్వలేదు.

లేచి వెళ్లి ఫ్యాను వేసింది. ఫోన్లో రికార్డింగు నొక్కి, కుర్చీ ఎక్కి, ఆ ఫోన్ను ఫ్యాను కింద పైకెత్తి పట్టుకుంది.

ఖాళీగా ఉన్న చేత్తో తమ్ముణ్ణి అడిగింది, "సరిపడా వినబడుతోందా?"