అగ్గువ లెన్స్

“గింత మంచి జూమ్ లెన్స్ గంత అగ్గువకు ఎందుకిస్తున్నవ్ కాకా?” వనిత మళ్లీ అడిగింది.

మంచిర్యాల నాటకాల హాలులో, చివరి వరుసలో కూర్చున్న పాత ఫొటోగ్రాఫర్ రాజేశం తల దించుకున్నాడు. “ఫొటోలు తీసుడు బంద్ జేసిన బిడ్డా.”

ఆ మాట ఆమె నమ్మలేదు. రేపే ఇక్కడ నాటక పోటీలు; ఫొటోలు తీయాల్సింది ఆమే. ఫ్లాష్ వాడనివ్వరు. మసక వెలుతురులో, దూరం నుంచి నటుల ముఖాలు పట్టే కొత్త లెన్స్ కొనే స్తోమత ఆమెకు లేదు. కానీ నిరుడు ఈ లెన్స్‌తో రాజేశం తీసిన ఫొటోలన్నీ మసకగా వచ్చాయని ఆమెకు తెలుసు.

లెన్స్‌ను తన కెమెరాకు బిగించింది. వేదిక మీద రిహార్సల్ చేస్తున్న నటి ఉమారాణి ముఖాన్ని దగ్గరికి లాగి, చేత్తో ఫోకస్ తిప్పి ఒక ఫొటో తీసింది. కెమెరా తెర మీద ఉమారాణి కనురెప్పలు కూడా విడివిడిగా కనిపించాయి.

మరి మోసం ఎక్కడుంది? దొంగ సరుకా?

“నువ్వే చూడు కాకా.” ఆయన ముఖాన్నే గమనిస్తూ కెమెరా అందించింది.

రాజేశం తెరను ముక్కు దాకా తెచ్చుకున్నాడు. దూరం జరిపాడు. మళ్లీ దగ్గరికి తెచ్చుకున్నాడు.

“మసకనే వచ్చింది గదా! లెన్స్ ఖరాబైందని నీకు చెప్పలే బిడ్డా. తప్పైంది, కొనకు.”

వనిత కెమెరా వెనక్కి తీసుకుంది. లెన్స్ ఊడదీసి ఆయన చేతిలో పెట్టింది.

“లెన్స్ మంచిగనే ఉన్నది కాకా. నీకే కనబడుతలేదు. నడువు, కండ్ల డాక్టర్ దగ్గరికి పోదాం.”

“మరి రేపు నీ ఫొటోలు?”

“ముందుగాల నువ్వు నడువు.”