తెరుచుకోని కొంగు

కంప్యూటర్ ముచ్చటగా మూడోసారి అదే మాట చెప్పింది: ఈ ఫైలు తెరవడం వీలుకాదు.

భానుప్రకాశ్ మౌస్‌ని బల్ల మీద ఠపీమని కొట్టాడు. దానికేం నొప్పి?

గద్వాలలో చీరల డిజైన్లు కంప్యూటర్లో గీసిచ్చే దుకాణం అతనిది. నేతగాళ్లు ఆ డిజైను అచ్చు తీసుకెళ్లి, దాని ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టించి మగ్గానికి ఎక్కిస్తారు. అట్టలు చెప్పినట్టే మగ్గం పువ్వులేస్తుంది.

మొన్న ఆదివారం సరదాపడి పాత ఆపరేటింగ్ సిస్టమ్ తీసేయించి, కొత్తది వేయించాడు. తెర మీద రంగులకు కొదవ లేదు. డిజైన్ల సాఫ్ట్‌వేరే నోరు విప్పడం లేదు.

వెనక అనంతమ్మ నిలబడి ఉంది.

“తమ్మీ, చీర ఒళ్లంత నేసిన. కొంగు కాడ ఆగింది. అట్టలేమో వానకు నాని ముద్దైనయి.”

“జర ఓపిక పట్టక్కా.”

“ఇంకొకరి చీరైతె ఓపిక పట్టేదాన్ని. ముప్పై ఏండ్లు మందికి నేసిన. ఇదొక్కటి మా బిడ్డ మమతకు. పన్నెండు దినాలల్ల పెండ్లి.”

“వేరే కొంగు పెట్టరాదూ?”

“అంచు నిండ హంసలున్నయి. కొంగుల హంసలు గాక ఇంకేం పెట్టాలె?”

ఆమె అన్నదీ నిజమే. భానుప్రకాశ్ మళ్లీ ఫైలు మీద నొక్కాడు. మళ్లీ అదే మాట.

అప్పుడే గడప దగ్గర ఒక పెద్దాయన వచ్చి ఆగాడు. ఒంటి మీద చొక్కా ఎవరిదో, భుజాల దగ్గర జారిపోతోంది.

“నాయనా, నన్ను…”

“దరఖాస్తా? కంప్యూటర్ పనిచేస్తలేదు పెద్దాయనా. రేపు రా.”

వరద వచ్చి నెల దాటింది. అలంపూర్ దిక్కు ఊళ్ల నుంచి నష్టపరిహారం కాగితాలు టైపు చేయించుకోవడానికి రోజూ పది మంది వస్తున్నారు. భానుప్రకాశ్‌కు అందరి ముఖాలూ ఒకేలా కనబడటం మొదలైంది. అది మంచి గుణం కాదని అతనికీ తెలుసు.

పెద్దాయన కోప్పడలేదు, బతిమాలలేదు. వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు.

“ఏ ఊరన్నా?” అనంతమ్మ అడిగింది.

“రాజోలి.”

“ఇల్లున్నదా?”

“లేదు.”

“మగ్గం?”

“లేదు.”

ఎవరింటి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు.

భానుప్రకాశ్ హైదరాబాదుకు ఫోన్ కలిపాడు. కొత్త సిస్టమ్ వేసిన మనిషి తీరిగ్గా పలికాడు.

“అన్నా, పాతదే మల్ల ఎయ్యరాదు?”

“అది తుడిచేసిన గద తమ్మీ. డిజైన్ల సాఫ్ట్‌వేర్ గూడ కొత్తది కొనాలె.”

“కొంటె పాత ఫైలు తెరుసుకుంటదా?”

“తెల్వదు.”

మర్నాడూ కంప్యూటర్ అంతే. బెంచీ మీద పెద్దాయనా అంతే. ఆయన రెప్ప వేయకుండా తెర వంక చూస్తున్నాడు. వేళ్లు మోకాలి మీద ఏవో లెక్కపెడుతున్నాయి, పెదవులు కదులుతున్నాయి.

పాపం, వరదకు మతి చెదిరింది అనుకున్నాడు భానుప్రకాశ్. నిజంగానే జాలేసింది. ఒక చాయ్ తెప్పించి ఇచ్చాడు కూడా.

సాయంత్రం పెద్దాయన లేచి దగ్గరికొచ్చాడు.

“నాయనా, గళ్ల కాగితం ఒకటి ఇస్తవా?”

గళ్ల కాగితాల కట్టలన్నీ కంప్యూటర్ కొన్ననాడే పాత పేపర్లవాడి బండికెక్కాయి.

“దరఖాస్తుకు గళ్లెందుకు పెద్దాయనా? ఇగో, తెల్లది తీస్కో. పోస్టాఫీసు ముందర రాసిచ్చెటోళ్లుంటరు.”

పెద్దాయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏదో అనబోయాడు. ఇంతలో ఫోన్ మోగింది, భానుప్రకాశ్ అటు తిరిగాడు.

మాట్లాడి ఇటు తిరిగేసరికి ఆయన లేడు.

మూడోరోజు బెంచీ ఖాళీగా ఉంది. ఒక తలనొప్పి తగ్గిందనుకుని భానుప్రకాశ్ కుర్చీ లాక్కున్నాడు.

అనంతమ్మ వచ్చింది. ఆమె వెనకే, ఆమెకు నూలూ పట్టూ ఇచ్చి నేయించే సావుకారు సీతారాములు వచ్చాడు.

“ఏదీ, కొంగు చూపియ్యి,” అన్నాడు సీతారాములు.

“ఎక్కడి కొంగు మామా? ఫైలే తెరుసుకుంటలేదు.”

“ఫైలెందుకు? బుచ్చన్న గీసియ్యలేదా?”

“బుచ్చన్న ఎవరు?”

“రాజోలి పెద్దాయన. కంప్యూటర్లు రాకముందు గళ్ల కాగితం మీద కొంగులు గీసెటోడు. అనంతమ్మ గోస సూడలేక నేనే పిలిపిచ్చి, నీ దుకాణం ఆనవాలు చెప్పి తోలిన. రెండు దినాలు వచ్చిండు గద?”

భానుప్రకాశ్ సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

“దరఖాస్తుకు వచ్చిండనుకున్న మామా. నోరిప్పనియ్యలేదు.”

సీతారాములు బెంచీ మీద చతికిలబడ్డాడు.

“యాడున్నడో చెప్పు, బండేసుకొని పోత,” అన్నాడు భానుప్రకాశ్.

“యాడికి పోతవు? పొద్దుగాల బస్టాండుల కనవడ్డడు. ఇటుకలు మొయ్యనీకి ముంబై బస్సెక్కుతుండె. నీ పని అయిపోయిందనుకున్న నేను.”

“ఫోన్ చెయ్యరాదూ!”

“ఫోనుంటె గద. అది గూడ వరదలనే పాయె.”

కంప్యూటర్ ఒక్కటే సన్నగా గుయ్యిమంటోంది.

అనంతమ్మ ఏడవలేదు. మెల్లగా అడిగింది.

“ఆయనకు మా హంసల కొంగు గీయొచ్చునా?”

“వచ్చునా ఏందమ్మా! ముప్పై ఏండ్ల కింద ఆ కొంగు పుట్టిందే ఆయన చేతిల. నీ బిడ్డకు మల్ల గీసిచ్చిపోదామని పయనం రెండు దినాలు ఆపుకొని ఈడ కూసున్నడు.”