లైట్‌హౌస్ వెనక వంపు

"మేడమ్, మీ గీత తప్పు."

తలుపు దగ్గర నిలబడ్డ ముసలాయన వారంలో మూడోసారి అదే మాట అన్నాడు. చొక్కా చేతుల మీద ఉప్పు చారలు కట్టాయి.

మ్యాపు ముందున్న అధికారిణికి విసుగొచ్చింది. సొరచేపల రక్షిత ప్రాంతానికి హద్దులు గీయడం ఆమె పని. రెండేళ్ళ కష్టం. రేపే సంతకాలు.

"ఏం తప్పు, పెద్దాయనా?"

"మీరు గీసిన చోట సొరలు తిరుగుతాయి, తింటాయి. పిల్లల్ని పెట్టేది మాత్రం ఇక్కడ." ఆయన వేలు లైట్‌హౌస్ వెనక, సముద్రం ఒడ్డులోకి చొచ్చుకొచ్చిన చిన్న వంపు మీద ఆగింది. "దీన్ని కూడా కలపండి. అప్పుడే పుట్టిన, బొడ్డు మానని పిల్లల్ని నా కళ్ళతో చూశాను."

ఆమె లోలోపల నవ్వుకుంది. ఇలాంటి ఎత్తులు కనిపెట్టడం ఆమెకు కొట్టిన పిండి. ఆ గదిలోకి వచ్చిన ప్రతి జాలరీ సొరలన్నీ పక్కవాడి నీళ్ళలోనే ఉన్నాయని ఒట్టేసి చెప్పినవాడే. తన వేట ఆగకుండా ఉండాలంటే పక్కవాడి పొట్ట కొట్టాలి కదా.

"ఆ వంపులో వల వేసేవాడితో మీకేం తగాదా?"

ముసలాయన మ్యాపు మీద నుంచి వేలు తియ్యలేదు.

"తగాదా ఏం లేదమ్మా. అక్కడ వల వేసేవాడు..."

"సరే, చూస్తాంలెండి." ఆమె ఫైలు మూసేసింది.

సంతకాలయ్యాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

వేట నిషేధం పడ్డ చోటు నుంచి కదిలిన పడవలన్నీ ఎక్కడికి పోతాయో ఎవరూ ఆలోచించలేదు.

నాలుగు నెలలకు ఆమె రేవుకు తనిఖీకి వెళ్ళింది. గంపల నిండా మూరెడేసి సొర పిల్లలు. ఒకదాన్ని వెల్లకిలా తిప్పింది. బొడ్డు ఇంకా పచ్చిగానే ఉంది.

"ఎక్కడివివి?"

"లైట్‌హౌస్ వెనకవండి. ఈ నెల మా పంట పండిందనుకోండి" అన్నాడు తూకం వేసేవాడు.

ఆమె చేతిలోని పిల్లను మెల్లగా గంపలో పెట్టింది. తల్లులను కాపాడాననుకుని పిల్లలను తన చేతులతోనే వలల్లోకి తోసింది.

రేవులో వాళ్ళనీ వీళ్ళనీ అడిగి ముసలాయన ఇల్లు పట్టుకుంది. కాళ్ళు పట్టుకునైనా క్షమించమని అడగాలనుకుంది.

కూతురు తలుపు తీసింది.

"నాన్న పోయి పది రోజులైందండి. పడవలు లోపలికి రాకుండా వంపు మొగదల్లో తన పడవ అడ్డం పెట్టుకు కూర్చున్నాడు. మూడు రోజులు వానలో నానాడు. జ్వరం ఊపిరితిత్తులకెక్కింది."

ఆమెకు ఏడుపు ఆగలేదు.

"ఒక్కరే కూర్చున్నారా? అక్కడ వల వేసే హక్కున్న వాళ్ళయినా తోడు రాలేదా అమ్మా?"

"ఇంకెవరున్నారండీ? ఆ వంపు తాతల నాటి నుంచి మాదే" అంది కూతురు. "సొరలు అక్కడ పిల్లల్ని పెడుతున్నాయని తెలిసిన దగ్గర్నుంచి, ఆరేళ్ళుగా, నాన్న అందులో వల వెయ్యకుండా పరాయి పడవల్లో కూలికి వెళ్ళాడు."