అమ్మమ్మ కునుకు

వచ్చే నెలే పెళ్ళి. పెళ్ళికూతురు స్పైనా బిఫిడాతో, అంటే వెన్నెముక పూర్తిగా మూసుకోకుండా పుట్టింది. ఈ పెళ్ళి వద్దనేద్దామా అని వారంగా మథనపడుతోంది. డాక్టరమ్మ ఎదుట చక్రాల కుర్చీలో కూర్చున్నా, అడగాల్సింది గొంతు దాటి రావడం లేదు. పక్కనే అమ్మమ్మ ఉంది మరి.

ఇంతలో అమ్మమ్మ తల వాలింది. సన్నగా గురక మొదలైంది.

"డాక్టరుగారూ, నేను అందరిలా కాపురం చేయొచ్చా?" గబగబా అడిగేసిందా అమ్మాయి.

"నిక్షేపంగా!" నవ్వింది డాక్టరమ్మ. "కలిసే ముందు మూత్రాశయం ఖాళీ చేసుకో. నీకు స్పర్శ తెలియని చోట మీ ఆయన్ని మెల్లగా ఉండమను. నీకు రబ్బరు పడదని పరీక్షలో తేలిందిగా, రబ్బరు లేని కండోములే వాడండి. పిల్లలు కావాలనుకుంటే చాలా ముందే నా దగ్గరికి రా. బిడ్డకూ ఈ వెన్ను లోపం వచ్చే అవకాశం తగ్గేలా ఫోలిక్ ఆసిడ్ మాత్రలు ఎక్కువ మోతాదులో మొదలుపెట్టాలి."

ఇంట్లో ఎవరూ ఏనాడూ ఎత్తని మాటలవి. అమ్మాయి చెవులదాకా ఎర్రబడింది, నవ్వు మాత్రం ఆగలేదు.

వరండాలో కుర్చీ పక్కన నడుస్తూ అమ్మమ్మ అడిగింది. "రబ్బరు సంగతి పెళ్ళికొడుక్కి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"అమ్మమ్మా! నువ్వు నిద్రపోలేదూ?"

"నేను మేలుకునుంటే నువ్వు నోరు విప్పేదానివా తల్లీ?"