రాజరత్నంగారి కార్డు

ఆడవాళ్లకూ మేకప్ పనికి కావలసిన కార్డులివ్వాలని సినిమా యూనియన్‌లో కొత్త రూలొచ్చింది. కార్డు అందిన రోజే రాజరత్నం మా ఫ్యాన్సీ కొట్టుకు పరుగెత్తుకొచ్చింది.

"అన్నయ్యగారూ, ఆడవాళ్లలో మొదటి కార్డు నాదేనండి! రేపు షూటింగుకు పౌడరు డబ్బాలు పట్టుకొచ్చెయ్యండి."

మర్నాడు పట్టుకెళ్లాను. గోదావరి రేవులో షూటింగు మేనేజరు కార్డు చూశాడు, ఆమెను చూశాడు, పడీపడీ నవ్వాడు.

"పేరు చూసి మగాడనుకుని ఇచ్చేశారమ్మా! ఆడాళ్ల దరఖాస్తుల కట్ట ఇంకా విప్పనేలేదు. మీ ఆయన్ని ఆ పేరుతో రమ్మను. కార్డు మీద ఫొటో లేదుగా."

వారం తర్వాత మళ్లీ వెళ్లాను. హీరోయిన్ ముఖానికి ఆమే రంగు వేస్తోంది. పక్కన కుర్చీలో మొగుడు బీడీ కాలుస్తున్నాడు.

"రాజరత్నంగారూ, పౌడరండీ" అన్నాను.

ఆమె తలెత్తలేదు.

"ఆఁ, ఇలా ఇవ్వండి" అంటూ మొగుడు చెయ్యి చాపాడు.