ఫొటోకి అడ్డొచ్చినవాడు

ఆ నీలం రైలు తిరిగేది ఇక ఆ ఒక్కరోజే. టోక్యోలో దాన్ని ఫొటో తీయడానికి మా రైల్వే గేటు దగ్గరి మలుపును మించిన చోటు లేదు. రైళ్ళ ఫొటోల పిచ్చి ఉన్న మేమంతా తెల్లారేసరికే కెమెరాలు నిలబెట్టి, మోచేతులతో పొడుచుకుంటూ కాచుకున్నాం.

రైలు కనపడగానే ఎవడో గేటు కింద దూరి పట్టాల పక్కన నిలబడ్డాడు.

“ఒరేయ్ దున్నపోతా, అడ్డు తప్పుకోరా!” అని అందరం అరిచాం. వాడు కదల్లేదు.

“చస్తే ఇంకెక్కడైనా చావరా!” అంటూ మా పెద్దాయన కురామోచి గేటు దూకి, వాడి కాలరు పట్టి ఇవతలికి ఈడ్చి, ముక్కు పగిలేలా గుద్దాడు. మేమెవరం ఆపలేదు. మా కళ్ళు రైలు మీదున్నాయి.

రైలు వెళ్ళిపోయింది. “నీ మూలంగా నా ఫొటో పోయింది కదరా!” అంటూ కురామోచి ఇంకా కొడుతూనే ఉన్నాడు.

“పోనీండి గురువుగారూ, నాది చూడండి, బ్రహ్మాండంగా వచ్చింది” అని నా కెమెరా ఆయన ముందు పెట్టాను.

ఫొటోలో రైలు పక్కన ఒక జత బూట్లు. కొసలు కలిపి, పొందికగా పెట్టి ఉన్నాయి. మా దగ్గర బూట్లు అలా విప్పేది ఇంట్లో అడుగుపెట్టేముందు, లేదంటే ప్రాణం తీసుకునేముందు.

కిందపడ్డవాడి కాళ్ళకి మేజోళ్ళే ఉన్నాయి.

కురామోచి ఎత్తిన పిడికిలి దించాడు. లెన్సు తుడిచే గుడ్డతో వాడి ముక్కు అదిమాడు. కాలరు మాత్రం వదల్లేదు.